రాయల్ ఓక్ వాచీకి పాలిష్ వేయించొచ్చా? పైన ఉన్న స్క్రూలు బిగించొచ్చా?

బెజవాడ_41
అందరికీ నమస్కారం. నాది స్విస్ కంపెనీ ఓడెమార్ పిగే వాచీ, రాయల్ ఓక్ మోడల్ 15400, స్టీల్, 41 మి.మీ., సెకండ్ హ్యాండ్. బెజెల్ (అద్దం చుట్టూ ఉండే పట్టీ) మీదా చైన్ మీదా సన్నటి గీతలున్నాయి. విజయవాడలో ఒక షాపువాళ్లు బఫ్ కొట్టి అద్దంలా చేసిస్తామంటున్నారు, పైన కనిపించే 8 స్క్రూలు కూడా బిగిస్తారట. చేయించొచ్చా? ఇంకోటి, ఈ ఎండలకి చెమట పట్టి చైన్ సందుల్లో నల్లటి మురికి చేరుతోంది. ఎలా తీయాలి?

గుంటూరు_కమాను
బఫ్ మాత్రం వద్దండి. ఈ వాచీ అందమంతా అంచుల్లోనే ఉంది. 1972లో జెరాల్డ్ జెంటా డిజైన్‌తో మొదటిది వచ్చినప్పుడు 39 మి.మీ. స్టీల్ వాచీ ధర 3,300 స్విస్ ఫ్రాంకులు. స్టీలుకి బంగారం ధరేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. ఆ ధరలో పెద్ద భాగం చేతిపనిదే. బెజెల్ పైభాగాన్ని దగ్గరగా చూడండి, తయారీలోనే కావాలని గీసిన సన్నటి గీతలు ఒకే దిక్కుకి సాగుతాయి. దాన్ని ఆనుకుని ఏటవాలు అంచు అద్దంలా మెరుస్తుంది. ఆ రెండూ కలిసేచోట గీత కత్తి అంచులా ఉండాలి. గుడ్డ చక్రానికి ఆ తేడా తెలియదు, రెంటినీ కలిపి గుండ్రంగా అరగదీస్తుంది. పోయిన లోహం మళ్లీ రాదు. లేజర్ వెల్డింగుతో నింపి మళ్లీ చెక్కే పని కంపెనీ సర్వీసులోనే చేయించాలి. గోటికి తగలని గీతలైతే అలాగే వదిలేయండి.

స్క్రూల సంగతి. అవి వైట్ గోల్డువి, తల ఆరు పలకలది, బెజెల్‌లో అదే ఆకారం గుంటలో కూర్చుంటుంది. కాబట్టి తిరిగే అవకాశమే లేదు. ఎనిమిది స్క్రూ తలల మీది గాడులూ బెజెల్ వలయం వెంట తీరుగా నిలబడ్డాయి, గమనించారా? పైనుంచి బిగించే స్క్రూలు అలా ఒక్క తీరున ఆగవు. బిగింపంతా వెనకవైపు నుంచే. పైనుంచి బలవంతంగా తిప్పితే స్టీల్ స్క్రూడ్రైవర్ కింద మెత్తటి బంగారం గాడి చెదిరిపోతుంది, మొన జారితే బెజెల్ మీద గీత పడుతుంది. స్క్రూలు బిగిస్తామన్నారంటే వాళ్లకి ఈ వాచీ తెలియదన్నమాట. ఇవ్వకండి.

కృష్ణలంక_టైమ్
మురికికి నేను చెప్తా అన్నా. సెకండ్ హ్యాండ్ కదా, ముందు నీళ్లు లోపలికి పోతాయేమో పరీక్ష చేయించు. 50 మీటర్లని రాసున్నా లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి. పొడి గాలి ఒత్తిడితో చూసే మిషన్ ఉన్నచోటే చేయించు, నీళ్లలో ముంచి చూస్తామంటే ఒప్పుకోకు. పాసైతే పక్కనున్న కీ మరను పూర్తిగా బిగించి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల బేబీ షాంపూ వేసి, పిల్లల మెత్తటి బ్రష్‌తో లింకుల సందుల్లో, క్లాస్ప్ (చైన్ కొక్కెం) లోపల రుద్దు. మంచినీళ్లతో కడిగి నూలుగుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద ఆరనివ్వు. వేడినీళ్లు వద్దు. పళ్లపొడి, విభూతి అసలే వద్దు, వెండి గిన్నెకి పనికొస్తాయి గానీ ఇక్కడ ప్రతి రేణువూ ఒక గీతే. బ్లీచింగూ తగలనివ్వకు. చెమట ఉప్పు సందుల్లో నెలల తరబడి నిలిచినా, క్లోరిన్ తగిలినా స్టీలుకి సన్నటి గుంటలు పడతాయి. మే నెలలో రోజూ పెట్టుకుంటే వారానికోసారి కడుగు.

బెజవాడ_41
పాలిష్ మానేశానండి. పరీక్ష అయ్యేదాకా కృష్ణలో స్నానానికి తీసేసి వెళ్తే చాలా?

గుంటూరు_కమాను
పాసయ్యాక కూడా తీసే వెళ్లండి. ఇసుక లింకుల మధ్య చేరితే లోపలినుంచి రాపిడి మొదలవుతుంది. అది బయటికి కనిపించదు, చైన్ వదులయ్యాకే తెలుస్తుంది.