‘గసడదవలు విభాషనగు’నా, ‘బహుళంబుగానగు’నా? ఉపకళా కణానికి ఏది నప్పుతుంది?

సీతమ్మధార నుంచి:
సభ్యులకు నమస్కారం. ఉపకళా కణం (అవయవాల పైననో లోపలనో పొరగా అతుక్కుని ఉండే కణం) తన పొరను విడిచి, స్వేచ్ఛగా కదలగల మీసెంకైమ్ కణంగా ఎలా మారుతుందో వివరిస్తూ విద్యార్థుల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. దాన్ని మన గసడదవాదేశ సంధి సూత్రంతో (ప్రథమావిభక్తి మీది కచటతపలు గసడదవలుగా మారడం) మొదలుపెట్టాలని ఉంది. ‘ప్రథమమీఁది పరుషములకు గసడదవలు’ అన్నంతవరకు నోటికి వస్తోంది. చివర ఉన్నది ‘విభాషనగు’నా, ‘బహుళంబుగానగు’నా? నా చెవిలో ‘విభాషనగు’ అనే మోగుతోంది. కణం విషయంలోనూ అదే సరిపోతుంది: మారవచ్చు, మారకపోవచ్చు.

పెదవాల్తేరు నుంచి:
అమ్మా, సూత్రంలో ఉన్నది ‘బహుళంబుగానగు’. ‘విభాషనగు’ అన్నది ఆదేశ సరళానికి ముందున్న ద్రుతానికి, అంటే నకారానికి, బిందు సంశ్లేషాలు (సున్న కావడం, పై హల్లుతో కలవడం) చెప్పిన చోట వస్తుంది. రెండు సూత్రాలూ కలిపి వల్లె వేసినవారికి చివరి మాటలు అటూ ఇటూ కావడం సహజం. అయితే నా అభ్యంతరం అంతకంటే పెద్దది. ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అని కదా పెద్దల మాట. ఆగమం మిత్రుడిలా పక్కన చేరుతుంది, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని తొలగిస్తుంది. ఆదేశం వచ్చిందంటే స్థాని, అంటే అంతకుముందు అక్కడున్న అక్షరం, పోయినట్టే. మీ కణం పోవడం లేదు, అదే కణం గుణం మార్చుకుంటోంది. అలాంటప్పుడు దీన్ని ఆదేశమని ఎలా అంటారు?

మహారాణిపేట నుంచి:
మాస్టారూ, నేను రోగనిర్ధారణ శాస్త్రం చదువుకున్నవాడిని. స్థాని కణం కాదు, కణంలోని అణువు అనుకుంటే మీ సందేహం తీరుతుంది. ఉపకళా కణాలను ఒకదానితో ఒకటి బిగించి ఉంచేది ఈ-కాడ్‌హెరిన్ అనే ప్రోటీను. మార్పు మొదలైనప్పుడు అది తగ్గి, చాలా సందర్భాల్లో ఆ చోటికే ఎన్-కాడ్‌హెరిన్ వస్తుంది. కణం లోపలి కెరాటిన్ తంతువులకు బదులు విమెంటిన్ ప్రబలుతుంది. పైవైపు, అడుగువైపు అన్న భేదం చెరిగిపోయి, ముందు, వెనుక అన్న భేదం ఏర్పడుతుంది. అప్పుడు కణం తన కింద ఉన్న పలుచని పొరను, అంటే ఆధార త్వచాన్ని, కరిగించుకుని బయటికి నడుస్తుంది. ఈ పనికి టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు నాంది పలికితే, లోపల నడిపించేవి స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్ అనే ప్రోటీన్లు. స్నెయిల్ నేరుగా ఈ-కాడ్‌హెరిన్ జన్యువును అణచివేస్తుందని 2000లో తేలింది. ఒకటి పోతేనే మరొకటి వస్తున్నది కాబట్టి ఇది శత్రువు వంటి ఆదేశమే.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
డాక్టరుగారు చెప్పిన అణువుల సంగతి సరైనదే గాని, మన ప్రశ్న సూత్రం చివరి మాట గురించి. ‘బహుళం’ అంటే వికల్పమని మాత్రమే అనుకోవడం వల్ల ఈ చిక్కు వచ్చింది. ‘క్వచిత్ప్రవృత్తిః, క్వచిదప్రవృత్తిః, క్వచిద్విభాషా, క్వచిదన్యదేవ’ అన్న నాలుగు పాయలూ (ఒకచోట జరగడం, ఒకచోట జరగకపోవడం, ఒకచోట వికల్పం, ఒకచోట వేరొకటే కావడం) కలిస్తేనే బహుళం. పిండంలో మూడు పొరలు ఏర్పడేటప్పుడు, నాడీ శిఖ కణాలు వెన్ను నుంచి బయలుదేరేటప్పుడు, గుండె కవాటాల మెత్తలు రూపొందేటప్పుడు ఈ మార్పు తప్పదు, అది ప్రవృత్తి. మన చర్మంలో, పేగుల్లో పొరగా నిలిచి ఉండే అసంఖ్యాక కణాలకు అది లేదు, అది అప్రవృత్తి. క్యాన్సరు దగ్గర విభాష. క్లోమ క్యాన్సరు వచ్చిన ఎలుకల్లో స్నెయిల్‌నో ట్విస్ట్‌నో తొలగించినా వ్యాధి ఇతర అవయవాలకు పాకడం ఆగలేదని, మందుకు మాత్రం కణాలు లొంగాయని 2015లో చూపారు. అదే క్యాన్సరులో జెబ్-1ను తొలగిస్తే వ్యాప్తి తగ్గిందని 2017లో చూపారు. రెండూ నిలిచాయి.

ఇంకొక మాట. ఉపకళను కొల్లాజెన్ జెల్‌లో ఉంచితే కణాలు విడివడి నడుస్తాయని 1982లో చూపిన ఎలిజబెత్ హే కాలంలో ఈ మార్పును ‘రూపాంతరం’ అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. మామూలు కణం క్యాన్సరు కణం కావడానికీ అదే మాట ఉండడం వల్ల, పైగా ఈ మార్పు వెనక్కి మళ్లగలదు కాబట్టి, ఆ పేరు మార్చారు. మూత్రపిండం రూపొందేటప్పుడు మీసెంకైమ్ కణాలే తిరిగి ఉపకళగా కుదురుకుంటాయి. కనుక వ్యాసంలో ‘రూపాంతరం’ వద్దు, ‘సంక్రమం’ అనండి.

భీమిలి నుంచి:
‘సంక్రమం’ అనగానే చదువరికి అంటువ్యాధి తోస్తుంది. ఆ మాట నాకు రుచించదు. ఇటువంటి నడిమి స్థితిని తిక్కన కంటే అందంగా పట్టుకున్నవారు లేరు. విరాటపర్వంలో ‘వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగరాదు’ అన్నచోట ‘అవశ్యము’ ముందు మాటకు అన్వయిస్తుందా, వెనుక మాటకా? వచ్చినవాడు తప్పక అర్జునుడే అనవచ్చు, తప్పక గెలుస్తామని అనకూడదు అనవచ్చు. ఎటు కలిపినా పద్యం నిలుస్తుంది.

పెదవాల్తేరు నుంచి:
తిక్కనగారి ‘అవశ్యము’ను రెండు వైపులా ఒకేసారి అన్వయించడానికి నేను ఒప్పుకోను. అక్కడ యుద్ధనీతి చెబుతున్నారు, గెలుపు ఖాయమనుకోకూడదన్నదే ప్రధానం. అన్వయం ఒక్కటే ఉండాలి.

మహారాణిపేట నుంచి:
పద్యంలో ఉండాలేమో గాని కణంలో అక్కరలేదు. ఉద్దానం వైపు నుంచి మూత్రపిండ వ్యాధిగ్రస్తులు విశాఖకు వస్తూ ఉంటారు కాబట్టి, మూత్రపిండం నారకట్టిపోవడం గురించి ఇక్కడివారికి వేరే చెప్పక్కరలేదు. ఆ నారను తయారుచేసే కణాలు నాళికల ఉపకళ నుంచే వస్తాయని ఒకప్పుడు గట్టిగా నమ్మేవారు. ఎలుకల్లో ఉపకళా కణాలకు గుర్తు పెట్టి వాటి సంతతిని వెంబడించిన 2010 నాటి పరిశోధనలో అవి ఆ కణాలుగా మారినట్టు కనబడలేదు. 2015లో వచ్చిన పరిశోధనలు మధ్యేమార్గం చూపాయి. కణం నాళికను విడిచిపోదు, సగం మాత్రమే మారుతుంది, అయినా చుట్టుపక్కల కణాలకు నార పేర్చమని సంకేతాలు పంపుతుంది. అందులో ఉపకళ, మీసెంకైమ్ లక్షణాలు రెండూ కలిసి కనిపిస్తాయి. అందుకే ఒక్క అణువును చూసి పేరు పెట్టవద్దని, కణం నడవడిని కూడా చూడాలని ఈ రంగంలోని శాస్త్రజ్ఞులు 2020లో ఉమ్మడిగా సూచించారు. ‘అన్యదేవ’ అన్న నాలుగో పాయ ఈ కణానిదే.

సీతమ్మధార నుంచి:
సూత్రపాఠం ‘బహుళంబుగా’ అనే రాస్తాను. కాని సగం మారిన కణం అటో ఇటో తేలవలసినదే అయితే అది విభాష కిందికే వస్తుంది, ‘అన్యదేవ’ కాదు. అది మజిలీయా, స్థిరనివాసమా?

మహారాణిపేట నుంచి:
కొన్ని కణాలు ఆ స్థితిలోనే చాలాకాలం నిలుస్తాయి, అమ్మా. జెబ్ ప్రోటీను, మైక్రో ఆర్‌ఎన్‌ఏ-200 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకదాన్నొకటి అణచుకుంటూ ఉండడం వల్ల రెండు కొసలే గాక నడిమి స్థితి కూడా నిలకడగా ఉండగలదని గణిత నమూనాలు చెబుతున్నాయి.

పెదవాల్తేరు నుంచి:
నిలకడగా ఉంటే అది మూడో రూపం. మూడో రూపానికి మన సూత్రంలో ఉదాహరణ చూపండి. ‘వాఁడు గొట్టె, వాఁడు కొట్టె’ అన్నవి రెండే రూపాలు.