బోరు నీటిలో ఫ్లోరైడ్: మా పంచాయతీ ఏ దారి ఎంచుకోవాలి?

ప్రశ్న: ఉపాధ్యాయుడు, ఝరీ జామణీ తాలూకా, యవత్మాల్ జిల్లా

అందరికీ నమస్కారం. పెన్‌గంగకు మహారాష్ట్ర వైపు ఒడ్డున ఉన్న మా ఊళ్లో తెలుగువాళ్లు, కొలాం గిరిజనులు, మరాఠీవాళ్లు కలిసి ఉంటున్నాం. మా బడి ఆవరణలోని బోరింగు నీటిని ఈమధ్య కిట్టుతో పరీక్షించినప్పుడు, గులాబీ రంగులో ఉన్న మందు మేం చూస్తుండగానే పసుపుకు తిరిగింది. కార్డు మీది రంగులతో పోల్చి చూస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల గీత దాటిందని తేలింది. నాలుగో తరగతి పిల్లల్లో కొందరి ముందుపళ్ల మీద సున్నం పూసినట్టు తెల్లని మచ్చలున్నాయి, ఇంకొందరికి గోధుమరంగు చారలు కూడా వచ్చాయి.

గ్రామసభ ముందుకు ఇప్పుడు ఆర్‌ఓ ప్లాంటు, యాక్టివేటెడ్ అల్యూమినా (ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుళికల) వడపోత, నది నుంచి పైపులైను అనే మూడు ప్రతిపాదనలు వచ్చాయి. యంత్రాలు ఫ్లోరైడ్‌ను తీయగలవనే విషయంలో నాకు సందేహం లేదు. పక్క ఊరి యంత్రం గదికి తాళం పడి ఉండటం చూశాక మాత్రం, ఏ నిబంధన ఎవరి మీద ఏ బాధ్యత పెడుతుందో తెలియకుండా తీర్మానం మీద సంతకం చేయడానికి మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: తాగునీటి విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు, చంద్రపూర్

మాస్టారూ, మీరు అడగవలసిన చోటే అడిగారు. ఈ సమస్యకు సాంకేతిక పరిష్కారం మన చేతికి వచ్చి సుమారు యాభై ఏళ్లయింది. నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. నీటిలో పటిక, సున్నం కలిపి, మొదట వేగంగా, ఆపైన నెమ్మదిగా తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వడగడతారు. చూడటానికి తేలికైన పనే, కానీ పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు నీటి క్షారగుణాన్ని బట్టి కూడా మారుతుంది కనుక ఒక బోరుకు పనికొచ్చిన లెక్క పక్క బోరుకు పనికిరాదు. మోతాదు తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. దానికీ హద్దు ఉంది: లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, మరో నీటి ఆధారం లేనప్పుడు 0.2 వరకు.

అల్యూమినా వడపోతలో చిక్కు వేరు. అది కొంచెం ఆమ్లగుణం ఉన్న నీటిలో బాగా పనిచేస్తుంది, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే బోరు నీళ్లు సాధారణంగా క్షారగుణంతో, బైకార్బనేట్‌తో ఉంటాయి. అందువల్ల గుళికల సామర్థ్యం తొందరగా అయిపోతుంది, అప్పుడు కాస్టిక్ సోడాతో కడిగి, యాసిడ్‌తో సరిచేసి మళ్లీ వాడాలి. కడగకపోయినా నీళ్లు తేటగానే వస్తాయి, రుచి మారదు, వాసన రాదు. యంత్రం పనిచేయడం మానేసిన సంగతి పరీక్షలో తప్ప మరెక్కడా బయటపడదు, నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే.

ఇక నిబంధనలు. తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500, 2012 ప్రతిలో ఫ్లోరైడ్‌కు 1.0 మిల్లీగ్రాము ఆమోదయోగ్యమైన హద్దు, మరో నీటి ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతి. ఆ రెండో అంకె సర్దుబాటు మాత్రమే అయినా, టెండర్లలో అదే లక్ష్యంగా కనిపిస్తుంది. పైగా ఈ ప్రమాణం పంచాయతీ కుళాయి మీద చట్టరీత్యా తప్పనిసరి కాదు. సీసాలో మూతవేసి అమ్మే నీటికి ఆహార భద్రతా చట్టం కింద లైసెన్సు కావాలి, ఊరంతా తాగే నీరు ప్రమాణం తప్పితే మాత్రం శిక్షార్హుడైన వ్యక్తి ఎవరూ ఉండరు. ఇంటింటికీ కుళాయి నీరు ఇవ్వడానికి కేంద్రం 2019లో మొదలుపెట్టిన జల జీవన్ మిషన్ ఈ ప్రమాణాన్నే ఆధారంగా తీసుకుని, ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష జరగాలంటుంది. అయితే కొన్ని వారాల్లోనో నెలల్లోనో అలిసిపోయే గుళికలకు ఏడాదికొక పరీక్ష ఏ మూలకు సరిపోతుంది?

కాబట్టి ఒప్పందంలో యంత్రానికి కాక నీటికి డబ్బు కట్టండి. బిగించిన రోజున బిల్లులో కొంత భాగమే ఇచ్చి, మిగతాది అయిదేళ్లకు పంచి, ప్రతి నెలా ప్రభుత్వ ల్యాబ్ నివేదికలో ఫ్లోరైడ్ 1.0 లోపల ఉంటేనే ఆ నెల వాయిదా చెల్లిస్తామని రాయించండి. పదిహేనో ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు గ్రామ పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. అందులో మీ ఖాతాలో ఎంత మిగిలిందో గ్రామ పంచాయతీ అధికారిని, అంటే మునుపటి గ్రామసేవక్‌ను అడగండి.

ఇంకొక్క సంగతి. 1972 కరువు తర్వాత లోతు బోర్లు, చేతిపంపులు ఊరూరా వచ్చాయి. కలరా, విరేచనాల నుంచి అవి కాపాడిన ప్రాణాలు తక్కువ కాదు. అయితే నీరు రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన కొద్దీ, కాల్షియం తగ్గిన కొద్దీ, ఫ్లోరైడ్ కరుగుతుంది. అందుకని మీ ఊళ్లో పాత చేదబావి ఉంటే ముందు దాని నీళ్లు పరీక్షించండి. తక్కువ లోతు నీటిలో తరచుగా ఫ్లోరైడ్ తక్కువగా ఉంటుంది. పూడిక తీసి, గట్టు కట్టి, క్లోరిన్ వేస్తే తాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఎనిమిది పది లీటర్లు అందవచ్చు. నది పైపులైను పూర్తయ్యే దాకా మిషన్ మార్గదర్శకాలు తాత్కాలికంగా అడిగేది కూడా అంతే.

సమాధానం: వైద్యురాలు, ఆదిలాబాద్

ఇంజినీరు గారు చెప్పిన 1.0, 1.5 తేడాను శరీరం వైపు నుంచి చూడాలి. రోజుకు రెండు లీటర్లు తాగేవారికి 1.5 అంటే 3 మిల్లీగ్రాములు, మే నెల ఎండలో పత్తి చేను దున్నకానికి తయారుచేసే కూలీ అయిదు లీటర్లు తాగితే 7.5 మిల్లీగ్రాములు. ఆహారం, టీ ద్వారా వచ్చేది దీనికి అదనం. అన్నీ కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనడానికి సూచనలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తన 1.5 హద్దును ఆయా ప్రాంతాల వాతావరణాన్ని, నీటి వాడకాన్ని బట్టి సరిచూసుకోవాలని కూడా అదే సంస్థ అంటోంది. విదర్భ ఎండలకు 1.5 సరిపోతుందని నేను ఒప్పుకోలేను.

మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిన యువకుల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించారు. ఒకసారి వంగిన ఎముకను మందులు తిన్నగా చేయలేవు. పళ్ల మచ్చలైతే ఎనామిల్ (పంటి పైపొర) తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపే పడతాయి. అందువల్ల మంచి నీళ్లు కొద్దిగానే ఉంటే అవి ముందు అంగన్‌వాడీకి, గర్భిణులకు, ఆ తర్వాత బడికి వెళ్లాలి.

నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి మేలు చేస్తాయి. పిల్లలు రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగిందని 2002లో అదే పోషకాహార సంస్థ పరిశోధకులు చూపారు. ఇవన్నీ తోడ్పాటుకే తప్ప మంచి నీటికి బదులు కావు.

సమాధానం: మాజీ పంచాయతీ సభ్యురాలు, పాండర్‌కవడా దగ్గరి గ్రామం

మా ఊరి గదికీ తాళమే పడింది. మొదట్లో కాంట్రాక్టరు మనుషులు వచ్చి గుళికలు కడిగి వెళ్లేవారు, వారంటీ గడువు తీరాక రావడం మానేశారు. నీళ్లు తేటగా వస్తూనే ఉన్నాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. చివరకు కరెంటు బిల్లు కట్టలేక మోటారు ఆగినప్పుడే దాని గురించి సభలో మాట్లాడుకున్నాం. ఆలోపల ఎన్ని నెలలు పాత నీళ్లే తాగామో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మీ ఊళ్లో కిట్టు వాడటం నేర్చుకున్న ఆడవాళ్లకు నెలనెలా కొంత గౌరవవేతనం తీర్మానంలోనే పెట్టండి మాస్టారూ. ఊరికే చేయమంటే పత్తి ఏరే రోజుల్లో ఎవరికీ తీరిక దొరకదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చేదబావి నీటి నమూనాను జిల్లా ల్యాబుకు పంపబోతున్నాం. గుళికలు కడిగిన నీటిని ఎక్కడ పారబోయాలో, నమూనా పట్టడంలో జాగ్రత్తలేమిటో కూడా చెప్పగలరా?

సమాధానం: ఇంజినీరు, చంద్రపూర్

కడిగిన నీటిలో మీరు బోరు నుంచి తీసిన ఫ్లోరైడంతా చిక్కబడి ఉంటుంది, దానికి తోడు కాస్టిక్ సోడా. వాగులోకి గానీ బావి దగ్గరికి గానీ వదిలితే తిరిగి మీ నీటిలోకే వస్తుంది. ఆర్‌ఓ నుంచి బయటికి వదిలే నీటి సంగతీ అంతే. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, సిమెంటు చేసిన గుంటలో ఎండబెట్టి, మిగిలిన మడ్డిని తీసుకెళ్లే బాధ్యత కాంట్రాక్టరుదేనని ఒప్పందంలో విడిగా రాయించండి. నమూనాకు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో కడిగి నింపి, ఏ బావిదో, ఏ తేదీన పట్టిందో మీద రాసి పంపండి. ఎండాకాలంలో ఒకటి, వానల తర్వాత ఒకటి పంపితే బావి నిజంగా పనికొస్తుందో లేదో తేలుతుంది.