అప్‌డేట్: హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్ డైపోల్ యాంటెన్నాకి బాలున్ చుట్టాను, స్పీకర్ల గోల పోయింది

పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) నొక్కగానే కంప్యూటర్ స్పీకర్లు గురగురమంటున్నాయని, కోయాక్స్‌ని (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్‌ని) చేత్తో పట్టుకుంటే ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) మారిపోతోందని అడిగాను కదా, 1:1 కరెంట్ బాలున్ (కేబుల్ షీల్డ్, అంటే దాని లోహపు పొర, బయటి వైపు కరెంట్ పారకుండా ఆపేది) పెట్టమన్న వాళ్లందరికీ థ్యాంక్స్.

ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగ్ మీద ఆర్‌జీ-58 కేబుల్ 12 చుట్లు చుట్టాను, అంతే. మరీ బిగించి లాగకండి, లోపలి ఇన్సులేషన్ మెత్తనిది, మధ్య తీగ పక్కకు జరిగిపోతుంది. షాపులో ఎర్ర రంగు టీ200-2 రింగ్ అంటగట్టబోయారు, చవకే, కానీ అది ఐరన్ పౌడర్, దాని పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని తనలో నిలుపుకునే గుణం) 10, మనకు కావలసిన 31 మిక్స్ రకం ఫెరైట్‌ది దాదాపు 1500, కాబట్టి షీల్డ్ బయటి వైపు పారే కరెంట్‌ని అది ఏమాత్రం ఆపలేదు.

పీవీసీ పైపు మీద కోయాక్స్ చుట్ట కూడా పనిచేస్తుంది గానీ ఏదో ఒక బ్యాండ్‌లోనే బాగుంటుంది, పైగా బరువుకి డైపోల్ మధ్యలో వేలాడిపోతుంది.

ఇప్పుడు కేబుల్ ముట్టుకున్నా మీటరు ముల్లు కదలట్లేదు. రెజొనెన్స్ (యాంటెన్నా సహజంగా ట్యూన్ అయ్యే ఫ్రీక్వెన్సీ) మాత్రం కొంచెం జరిగింది, ఇన్నాళ్లూ ఫీడ్‌లైనూ (అదే, కోయాక్స్) యాంటెన్నాలో భాగమైపోయింది మరి! రెండు కొసలూ సరిచేసి 7.1 మెగాహెర్ట్జ్‌కి తెచ్చుకున్నా. బాలున్ పెట్టే డబ్బాకి అడుగున చిన్న రంధ్రం పెట్టండి, నీళ్లు నిలవకుండా.