ఆయిల్ వ్యాక్సిన్ వేశాక టైటర్లు ఒకలా రావడం లేదు

తణుకు దగ్గర మాది లేయర్ ఫారం. 10 వారాల పుల్లెట్లకు (ఇంకా గుడ్లకు రాని పెట్టలకు) హెచ్9ఎన్2 అనే బర్డ్ ఫ్లూ రకానికి నూనె కలిపిన కిల్డ్ (చంపిన వైరస్) వ్యాక్సిన్ మెడ చర్మం కింద 0.5 ఎం.ఎల్. వేయించాం. నాలుగు వారాలకు హెచ్ఐ టెస్ట్ (రక్తంలో యాంటీబాడీలు కొలిచే పరీక్ష) చేయిస్తే ఒకే షెడ్డులో కొన్నిటికి టైటర్, అంటే యాంటీబాడీల స్థాయి, 8, కొన్నిటికి 3 (లాగ్2 లెక్కన, అంటే ఒక్కో అంకె పెరిగితే రెట్టింపు). చంపిన వైరస్ ఒక్కటే పెద్దగా పనిచేయదు. నూనె దాన్ని సూది పడిన చోట పట్టి ఉంచి మెల్లగా వదలడంతో పాటు రోగనిరోధక కణాలను అక్కడికి రప్పిస్తుంది, అలా యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. అందుకే నా అనుమానమంతా ఆ నూనె మీదే. ఫ్రిజ్ 2–8 డిగ్రీల్లోనే ఉంది. సీసా చల్లదనం పోయాక బాగా కుదిపే వేశాం. సిరంజి డోసు కొలిచి చూశాం, తేడా లేదు. మిగిలిన సీసాల్లో మాత్రం అడుగున నీళ్లలాంటి పలుచటి పొర ఉంది, కుదిపితే కలిసి కాసేపటికి మళ్లీ విడిపోతోంది. 2025లో మన జిల్లాలో హెచ్5ఎన్1 అనే ఇంకో బర్డ్ ఫ్లూ రకం చూశాక (దానికి ఈ టీకా పనిచేయదని తెలుసు) ఫ్లూ అంటేనే టెన్షన్.

ఈ ఎమల్షన్ (నూనె, నీళ్ల మిశ్రమం) నిజంగా విరిగిపోయిందో లేదో ఫారం దగ్గరే ఎలా తేల్చుకోవాలి?