కుట్లు నేర్చుకునేటప్పుడు చేతి బలం కొలిచే గ్లోవ్ పనికొస్తుందా?

కర్నూలు_సర్జరీ_పీజీ:
కర్నూల్లో జనరల్ సర్జరీ పీజీ చేస్తున్నాను. సిలికాన్ ప్యాడ్ మీద కుట్లు వేస్తుంటే మా సార్ ఎప్పుడూ "టిష్యూని నలిపేస్తున్నావ్, మెల్లగా" అంటారు. మెల్లగా అంటే ఎంతో నా చేతికి తెలియడం లేదు, అదే టెన్షన్. వేలికొసల్లో ఫోర్స్ సెన్సర్లు ఉండే గ్లోవ్‌ల గురించి చదివాను, ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు చేసిస్తానంటున్నాడు. దాంతో నిజంగా చెయ్యి కుదురుతుందా?

అనంతపురం_ఈసీఈ:
డాక్టర్ గారూ, చేయడం కష్టమేం కాదు. ఎఫ్ఎస్ఆర్ అనే పల్చటి సెన్సర్ చౌకగానే దొరుకుతుంది, నొక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో చదవొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. ఏమీ పట్టుకోకపోయినా వేలు వంగితే చాలు రీడింగ్ మారుతుంది, అదే బరువుకి పెట్టేటప్పుడు ఒక అంకె, తీసేటప్పుడు ఇంకో అంకె చూపిస్తుంది. పైగా మీ వేలి మీద పడే బలం వేరు, సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్ కొసన టిష్యూ మీద పడే బలం వేరు. నా మాట వింటే గ్లోవ్ కన్నా ముందు ప్యాడ్ కింద బలాన్ని కొలిచే లోడ్ సెల్, దాని సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 బోర్డు పెట్టించండి. ఆ బోర్డు చాలావరకు సెకనుకి 10 రీడింగులకే సెట్ అయి వస్తుంది, 80కి మార్చకపోతే చటుక్కున లాగిన లాగుడు దొరకదు.

కడప_సర్జన్:
ఈసీఈ బాబు చెప్పింది సరైన మాట. 1990ల్లో టొరంటోలో తయారైన ఓశాట్స్ అనే, సర్జరీ నైపుణ్యానికి మార్కులు వేసే పద్ధతిలో టిష్యూని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారన్నది కూడా ఒక అంశం, కానీ అది చూసేవాళ్ల అంచనా. బలం కంటికి కనపడదు కాబట్టి సెన్సర్ అక్కడ సాయం చేస్తుంది. అయితే తక్కువ బలం అంటే మంచి చెయ్యి అనుకోవద్దమ్మా. ముడి వదులైతే జారిపోతుంది, మరీ బిగిస్తే అక్కడికి రక్తం అందక టిష్యూ చచ్చిపోతుంది. గ్రాఫ్‌తో పాటు వీడియో కూడా తీసుకుని, బలం పైకి లేచిన చోట చెయ్యి ఏం చేస్తోందో చూడు. కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసేది, వంపు తిరిగిన సూదిని దాని వంపు వెంట మణికట్టుతో తిప్పకుండా నేరుగా లాగేయడం. మీ సార్‌ని అడిగి ఆయన చేత కూడా అదే ప్యాడ్ మీద కుట్లు వేయించు, నీ గ్రాఫ్ పక్కన పెట్టి చూసుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు.

కర్నూలు_సర్జరీ_పీజీ:
చాలా థాంక్స్ సార్. ఒక్క లోడ్ సెల్ పక్కకి లాగే బలాన్ని కూడా చూపిస్తుందా అన్నా?

అనంతపురం_ఈసీఈ:
చూపించదు, మామూలు లోడ్ సెల్ ఒక్క దిశలోనే కొలుస్తుంది. పక్క లాగుడు కూడా కావాలంటే మూడు దిశల్లో కొలిచేది తీసుకోవాలి, ఖరీదెక్కువ. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ తెలిసిన తూకంరాయి పెట్టి సరిచూడమని తమ్ముడికి చెప్పండి.