పాత పుస్తకాల స్కాన్లు: సర్వర్ అమెరికాలో పెడితే మన కాపీరైట్ చట్టం వర్తించదా?

ఓరుగల్లు_గ్రంథం:
హనుమకొండలో మా గ్రంథాలయంలో 600 దాకా పాత పుస్తకాలున్నాయి. ముట్టుకుంటే కాగితం పొడిగా రాలుతోంది. స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడదామంటున్నాం. సర్వర్ అమెరికాలో తీసుకుంటే మన చట్టం అంటదని కమిటీలో ఒకరి మాట. నిజమేనా?

పాతప్రతి:
కాదండీ. స్కాన్ చేసేది హనుమకొండలో, అప్‌లోడ్ చేసేది మీరు. 1957 చట్టం మీకు వర్తిస్తుంది. సెక్షన్ 62 ప్రకారం హక్కుదారు తానుండే ఊరి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. ఆయన విజయవాడలో ఉంటే మీరు అక్కడికి తిరగాలి.

అందరూ పొరబడేది అచ్చు సంవత్సరం దగ్గర. లెక్కపెట్టాల్సింది రచయిత పోయిన సంవత్సరం. మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, కాబట్టి ఆయన బతికుండగా అచ్చయినవి 2014 నుంచి ఎవరైనా అచ్చు వేయొచ్చు, నెట్‌లో పెట్టొచ్చు. కాళోజీ గారు 2002లో పోయారు, 2062 చివరి దాకా ఆగాలి. 1935 నాటి పుస్తకమైనా రాసినాయన 1990 దాకా బతికితే 2050 వరకు ముట్టుకోకండి.

లిపి_67:
పైదానికి తోడు, అమెరికా సర్వర్ అంటే అక్కడి చట్టం కూడా నెత్తికెక్కుతుంది. 1940లో ఇక్కడ అచ్చయిన పుస్తకం, రచయిత 1960లో పోయారనుకోండి. మన దగ్గర 2021 జనవరి 1కే కాపీరైట్ నుంచి విడుదల. కానీ పాత విదేశీ పుస్తకాలకు అమెరికా హక్కు తిరిగిచ్చిన 1996 జనవరి 1 నాటికి ఇక్కడ హక్కు బతికే ఉంది కనుక అమెరికాలో అచ్చయిన ఏటి నుంచి 95 ఏళ్ళు, అంటే 2035 చివరి దాకా హక్కుంటుంది. ఇలాంటి పుస్తకాలకు ఇక్కడి సర్వరే మేలు.

ఓరుగల్లు_గ్రంథం:
హక్కున్నవి స్కానే చేయొద్దా? అవి పాడైపోతున్నాయి.

పాతప్రతి:
చేయండి, ఆలస్యం చేయకండి. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న కాగితపు ప్రతిని భద్రపరచడానికి డిజిటల్‌గా దాచుకోవచ్చు, సెక్షన్ 52(1)(ఎన్). ఆ ఫైళ్ళు మీ హార్డ్‌డిస్క్‌లోనే ఉండాలి. నెట్‌లో పెట్టడానికి అది అనుమతి కాదు.

ముఖపత్రంతో పాటు దాని వెనుక పేజీని తప్పక స్కాన్ చేయండి. ఎన్నో ముద్రణ, హక్కులు ఎవరివి అన్నది అక్కడే ఉంటుంది. పీఠిక, అనువాదం, బొమ్మలు వేరేవాళ్ళవైతే వాళ్ళవి విడిగా లెక్క: మూలం విడుదలైనా 1985 పీఠిక కాదు. ఆ పేజీలు తీసేసి పెట్టండి. రచయిత పేరే లేకుంటే అచ్చయిన ఏటి నుంచి 60. పేరుండి, పోయిన సంవత్సరం దొరక్కపోతే వారసుల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకునేదాకా ఫైల్ బయట పెట్టకండి.