అమ్మ ఆ రాత్రే పంపిన వాయిస్ మెసేజ్ కోర్టులో పనికొస్తుందా?

నమస్కారమండీ. పోయిన ఏడాది మా ఊరి రోడ్డు మీద జరిగిన ప్రమాదానికి అమ్మే ప్రత్యక్ష సాక్షి. మొన్న కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అమ్మ సాక్ష్యం మీద ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, అవతలి లాయరు "ఇదంతా తర్వాత ఎవరో నేర్పిన మాట" అన్నారు. అమ్మ కొంగు నలుపుకుంటూ నిలబడిపోయింది. కానీ ఆ రాత్రే, అరగంట కూడా గడవకముందే, "ట్రాక్టరుకి లైట్లు లేవురా తమ్ముడూ" అని వణికే గొంతుతో మామయ్యకి వాయిస్ మెసేజ్ పెట్టింది.

పోలీసులు రాసుకున్న వాంగ్మూలం ఆమెకు మద్దతుగా వాడకూడదట. ఘటన జరిగిన వెంటనే అన్న మాటను మాత్రం కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 160వ సెక్షన్, అంటే పాత సాక్ష్య చట్టంలోని 157, ఒప్పుకుంటుందని చదివాను. మామయ్యని సాక్షిగా పిలిపించాలా? ఫోన్‌కి అదే చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలా? పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారిని ఏమని అడగాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, టెన్షన్‌తో అమ్మ సరిగ్గా అన్నం కూడా తినట్లేదు.